మొరాయించిన మిషన్

"ఇంగొక్కసారి చూస్తా," అని జీవమ్మ రంపం మిషన్‌ను మోకాళ్ల మధ్య ఇరికించుకుని తాడు లాగింది. మిషన్ గుర్రుమని ఊరుకుంది.

కానుగ చెట్టు కింద మంచంలో ఆమె భర్త నెహెమ్యా ఆ శబ్దాన్ని కళ్లు మూసుకునే విన్నాడు. మిషన్‌ను నేల మీద పెట్టి వెనక పిడిని కాలితో తొక్కాలని చెప్పాలనిపించింది. చెప్పలేదు.

ఎనిమిది నెలలుగా అతనికి పగళ్లన్నీ ఇలాగే గడుస్తున్నాయి. నిద్రా కాదు, మెలకువా కాదు. కానుగ నీడ ఒంటి మీద మెల్లగా జరుగుతుంటే ఆ మగతలో ఏవేవో వినిపిస్తాయి. చర్చిలో తాను ఎత్తుకున్న పాటలు, మాను కూలేముందు వచ్చే చిటపటలు, పొద్దెక్కే వేళకు వాగు అవతల నుంచి సన్నగా మిషన్ మోత. కలలోనైనా ఇంకా చెట్లు కోస్తున్నానులే అనుకునేవాడు. ఈ పొద్దు ఎందుకో ఆ మోత కూడా రాలేదు. జీవమ్మ కూలికి పోకుండా ఇంట్లోనే ఉండి, పొద్దున్నుంచి ఈ మిషన్‌తో కుస్తీ పడుతోంది.

"సాయంత్రం డోన్ నుంచి ఒకాయన వస్తాడు, దీన్ని కొనుక్కునేదానికి," అంది తాడు చుట్టుకుంటూ. "స్టార్టయితేనే తీసుకుంటాడంట. నాకేం తెలుసయ్యా మిషన్ల సంగతి!"

నెహెమ్యా కళ్లు తెరిచాడు. తనే కదా, దాన్ని కంటికి కనబడకుండా ఇంటి వెనక పడెయ్యమని సైగ చేసింది! ఇప్పుడు పరాయివాడి చేతికి పోతుందంటే మాత్రం ఓర్చుకోలేకపోయాడు.

ఎనిమిది నెలల కింద ఆ రోజు కోడుమూరు దగ్గర చింతచెట్టు మీద ఉన్నాడు. చైన్ పండ్లు అరిగి మొద్దుబారాయి. దిగి ఆకురాయితో సాన పట్టుకుంటే సరిపోయేది. ఇంకొక్క కొమ్మ, ఇంకొక్క కొమ్మ అనుకుంటూ పోయాడు. మొండి చైన్ కొమ్మలో ఇరుక్కుని అతణ్ని చెట్టు మీది నుంచి కిందికి విదిలించింది. విరిగిన కాలు అతుక్కుంది గానీ మాట తిరిగి రాలేదు. "గొంతుకేం కాలేదమ్మా, ఆయనకు మాట్లాడాలనిపించాల," అన్నాడు కర్నూలు డాక్టరు. చెట్టెక్కలేని మనిషికి మాటలెందుకని నెహెమ్యా అనుకున్నాడు. మాట పోతే పాటా పోయింది. చర్చిలో ఇప్పుడు పాట ఎవరు ఎత్తుకుంటున్నారో కూడా అడగలేదు. జీవమ్మ రోజూ తెల్లారే కూలికి పోయి, మధ్యాహ్నానికి జుట్టు నిండా దుమ్ముతో తిరిగొచ్చి అన్నం పెట్టేది. ఎవరి దగ్గర కూలి అనీ అడగలేదు. ముద్ద అందించే ఆ చేతులు కాయలు కాచి ఉండేవి. తన వల్లే అలా అయ్యాయని మనసులోనే ఏడ్చేవాడు.

మేకలు తోలుకుపోతున్న పెద్ద ఈరన్న దడి దగ్గర ఆగాడు.

"ఏమ్మా, మొరాయిస్తాండాదా? పెట్రోల్‌లో ఆయిల్ కలిపినావా?"

"కలిపినాన్నా."

"ఇట్ల తే, నేను లాగుతా."

"వద్దులేన్నా! నువ్వు ముట్టుకోవద్దు. నేనే చూసుకుంటా."

"నీ ఇష్టం తల్లీ," అని ఈరన్న నవ్వుకుంటూ మేకల వెంట పోయాడు.

జీవమ్మ ప్లగ్ విప్పి ఊది మళ్లీ బిగించింది. చోక్ లోపలికి నొక్కి, బయటికి లాగి, మళ్లీ నొక్కింది. తాడు లాగింది. పెట్రోల్ వాసన గుప్పుమని మంచం దాకా వచ్చింది. తర్వాత స్క్రూడ్రైవర్ తీసుకుని కార్బొరేటర్ మీది చిన్న స్క్రూకు ఆనించింది.

నెహెమ్యా కళ్లు పెద్దవయ్యాయి. ఆ స్క్రూను అతను ఇంజన్ మోత వింటూ చెవితో సరిచేసి పెట్టుకున్నాడు, పాటకు శ్రుతి పట్టే చెవితో. చెట్లు కోసే వాళ్లెవరూ దాని మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వరు.

"ఆ స్క్రూ ముట్టొద్దు!"

కానుగ మీది పిట్టలు లేచిపోయాయి. జీవమ్మ తల తిప్పలేదు. స్క్రూడ్రైవర్ మాత్రం అక్కడే ఆగిపోయింది.

"ఏమంటివి?" అంది సన్నగా.

"ముట్టొద్దంటాండా." గొంతు తుప్పు పట్టిన తలుపులా కీచుమంది.

"మరి తప్పు యాడ ఉండాది? చెప్తే గదా తెలిసేది."

"పెట్రోల్ ఎక్కువైంది. ప్లగ్ ఊడదీ. కొన తడిగా ఉండాదా?"

"శానా తడిగా ఉండాది."

"తుడువు. చోక్ తీసేయ్. ప్లగ్ లేకుండా నాలుగుసార్లు లాగి మళ్లీ బిగించు. స్విచ్ ఏసినావా?"

"ఏ స్విచ్చి?"

"నా తలకాయ స్విచ్చి!"

అంతే, ఇక మంచంలో ఉండలేకపోయాడు. కర్ర పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. స్విచ్ వేసి, వెనక పిడిని మంచి కాలితో తొక్కి వంగాడు. అతను తూలకుండా జీవమ్మ నడుము పట్టుకుంది. ఒక్క లాగుకు మిషన్ గర్జించింది. స్క్రూ తాను పెట్టిన చోటే ఉందని ఆ మోతలోనే తెలిసింది. నెహెమ్యా నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. జీవమ్మ ముఖాన్ని కొంగులో దాచుకుంది.

పొయ్యి పక్కన పడి ఉన్న తుమ్మ దుంగకు చైన్ ఆనించాడు. దుంగ దోసకాయలా రెండైంది. మిషన్ ఆపాడు.

"డోనాయన వస్తే ఇయ్యనని చెప్పు."

"సరేలే," అంది జీవమ్మ. "కాళ్లు కడుక్కో, అన్నం పెడతా." లోపలికి పోతూ చర్చి పాట ఒకటి అందుకుంది. రెండో చరణానికి నెహెమ్యా గొంతు కూడా దానికి కలిసింది.

పాడుతూనే మిషన్ తుడవబోయి, ఉన్నట్టుండి ఆగాడు. ఇది చింతచెట్టు మీద తనను విదిలించిన చైనే. అరిగిన పండ్లతో తుమ్మ దుంగ ఇంత తేలిగ్గా ఎట్లా తెగింది? ఒంగి, బొటనవేలితో మెల్లగా తడిమి చూశాడు.

పండ్లన్నీ నిన్నో మొన్నో సాన పట్టినవి. రోజూ వాగు అవతల నుంచి వినబడిన మోత కల కాదు.