ఎరుపు పడేదాకా

సముద్రంలోకి దిగుతుంటే అన్ని రంగులకంటే ముందు మాయమయ్యేది ఎరుపు. కెమెరా ఫ్లాష్ సరిగ్గా వెలిగితేనే ఫోటోలో అది తిరిగొస్తుంది. అందుకే నాతో దిగే ప్రతిసారీ చెల్లి గోళ్ళకి ఎర్రరంగు వేసుకునేది. చేపలకంటే ముందు దాని చెయ్యి ఫోటో తీసి వెలుగు సరిచూసుకునేదాన్ని.

“ఎప్పుడూ చెయ్యేనా అక్కా? ఒక్కసారి నా మొహం తియ్యొచ్చుగా!” అనేది పడవలో.

“నీ మొహంలే! నీకంటే చేపలే నయం, వాగవు.”

పైకి రాగానే ఆ చేతి ఫోటో చెరిపేసేదాన్ని. దాంతో ఇక పనేముంది?

ఇవాళ కూడా కిందికి దిగి ముందు షట్టర్ వేగం సరిచేశాను. వెనక నీళ్ళు నిండు నీలంగా పడ్డాయి. లెన్సు ముందున్న చెయ్యి మాత్రం బూడిదరంగులో ఉంది, గోళ్ళు నల్లగా ఉన్నాయి. షట్టర్ ఇక ముట్టుకోలేదు, అది నీళ్ళ సంగతి. చేతి సంగతి ఫ్లాష్ చూసుకోవాలి. కాస్త పెంచి నొక్కాను. చాలలేదు. ఇంకాస్త పెంచాను.

గోళ్ళు ఎర్రగా పడ్డాయి.

బొటనవేలి దగ్గర రంగు గోరు దాటి చర్మం మీదికి పాకింది. చెల్లి చూస్తే పడీ పడీ నవ్వేది. నాకు అలవాటు లేదు మరి. దాని గోళ్ళరంగు సీసా అడుగున మిగిలింది పొద్దున్నే పూసుకుని వచ్చాను. చెల్లి పోయాక నేను నీళ్ళలోకి దిగడం ఇదే మొదలు.

పడవెక్కి ఫోటో చూసుకున్నాను. ఉన్నది నా చెయ్యే. అయినా చెరపడానికి చెయ్యి రాలేదు.