బోగీల్లో వెలుగు

"సిర్గాపూర్ సంబంధమోళ్లు పొద్దుగాలసంది రెండుసార్లు ఫోన్ చేసిండ్రు. ఏం చెప్పాలె నగేష్?" అంది అక్క నిరోష.

నగేష్ తలెత్తలేదు. బొమ్మరైలు చివరి బోగీ కప్పు కింద చిన్న బల్బుకు తీగ అతికిస్తున్నాడు. భార్య పోయిన ఐదేళ్లలో ఈ గదిలోకి అక్క తప్ప ఎవరూ రాలేదు.

"గీ లైట్లు అయిపోనీ అక్కా."

"పోయిన నెల పట్టాలు అయిపోనీ అన్నవ్. అంతకుముందు రంగులన్నవ్. పట్టాలే లేని మన నారాయణఖేడ్‌కు నిజం రైలన్నా వస్తది గానీ నీ జవాబు రాదు."

అతను నవ్వి స్విచ్ వేశాడు. ఐదు బోగీల కిటికీలూ పసుపుగా వెలిగాయి. నిరోష వంగి చూసింది.

"మంచిగుంది. సీట్లు గూడ పెట్టినవ్. మనుషులేరి?"

"పెడితే వెలుగుకు అడ్డమైతరు."

తన మాట తనకే వినిపించి, నగేష్ చేయి స్విచ్ మీదే ఆగిపోయింది. చీకట్లో ఉన్నన్నాళ్లూ ఆ బోగీలు నిండుగా ఉన్నట్టే అనిపించేవి. ఇప్పుడు ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఖాళీ సీట్లే కనిపిస్తున్నాయి.

నిరోష సంచి తీసుకుని లేచింది. "సరే, వద్దన్నడని చెప్త."

"ఆగు అక్కా," అన్నాడు. "ఆమె పేరేమన్నవ్? నేను సరిగ్గ వినలే."