నాలుగో గొట్టం

"ఆ గొట్టం విప్పి కుడిపక్కకి మార్చు. అప్పుడే పడవెక్కేది," అన్నాడు కోచ్, బల్ల మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచి.

"మార్చను," అంది ఆమె తల ఎత్తకుండానే.

రేవు పక్కనున్న డైవింగ్ క్లబ్బులో సామాన్ల గది అది. గోడకి సూట్లు వేలాడి నీళ్ళు కారుస్తున్నాయి. బల్ల మీద ఆమె విడివిడిగా కొని తెచ్చి తన చేతుల్తో తనే కూర్చుకున్న రెగ్యులేటర్, నీళ్ళ కింద సిలిండర్లోని గాలిని నోటికందించే పరికరం. సిలిండర్ మెడకి బిగించే దిమ్మ ఒకటి, దాన్నుంచి నాలుగు నల్ల గొట్టాలు. ఒకటి తను పీల్చుకోవడానికి, ఒకటి గాలి ఎంత మిగిలిందో చూపే మీటరుకి, ఒకటి నీళ్ళలో తేల్చే గాలి జాకెట్టుకి. గొడవంతా నాలుగోదానితోనే. నీళ్ళ కింద పక్కవాళ్ళకి గాలి అయిపోతే అందుకుంటారని ప్రతివాళ్ళూ ఉంచుకునే అదనపు గొట్టం అది. అందరికీ కుడిపక్కనుంచి వస్తుంది. ఈమె ఎడమపక్కనుంచి తెచ్చింది.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి," అన్నారు వెనకనుంచి ఎవరో. సూట్లు తొడుక్కుంటున్నవాళ్ళంతా గొల్లుమన్నారు.

"బిగించడంలో తప్పుంటే చూపించండి. ఇప్పుడే విప్పేస్తాను."

కోచ్ ఊరుకోలేదు. సిలిండర్ తగిలించి గాలి వదిలాడు. కీళ్ళన్నీ బకెట్ నీళ్ళలో ముంచి, బుడగ కోసం కొంగలా కాచుక్కూచున్నాడు. ఒక్క బుడగా రాలేదు. నాలుగో గొట్టం చివరనున్న మౌత్‌పీస్ నోట్లో పెట్టుకుని పీల్చాడు. తిరగేసి మళ్ళీ పీల్చాడు. ఎటు తిప్పినా గాలి హాయిగానే వచ్చింది.

"ఏ పక్కకైనా పనికొచ్చే రకం. వెతికి మరీ కొన్నాను," అంది ఆమె.

"కొన్నావు, బిగించావు, బాగానే ఉంది. కాదనడం లేదు." కోచ్ గొంతు తగ్గించాడు. అరిచినప్పటికంటే ఇదే గట్టిగా తగిలింది. "కానీ ఆ గొట్టం నీది కాదమ్మా. నీ పక్కవాళ్ళది. గాలి అందనివాళ్ళకి బుర్ర పనిచెయ్యదు, అలవాటే పనిచేస్తుంది. చెయ్యి నీ కుడిపక్కకే వస్తుంది. అక్కడ ఏమీ ఉండదు. నీ మొండితనానికి ఇంకొకరి ప్రాణం పణంగా పెడతావా?"

ఆ మాటలో న్యాయం ఉందని ఆమెకీ తెలుసు. అయినా గొట్టాన్ని దగ్గరికి లాక్కుని, దాని మీది తడిని ఓపిగ్గా తుడిచింది.

"నా పక్కన దిగేవాళ్ళ చెయ్యి ఎటొస్తుందో నాకు తెలుసు."

"అంత గట్టిగా ఎలా తెలుసు?"

"దిగేది మా అక్క. వేరే ఊళ్ళో నేర్చుకుంది, మన క్లబ్బుకి ఇవాళే రావడం. చిన్నప్పట్నుంచీ నా కంచంలోంచి ఎత్తుకుపోయిన చెయ్యే కదండీ!"

ఎవరో కిసుక్కుమన్నారు. కోచ్ మాత్రం నవ్వలేదు. "అక్కయినా అమ్మయినా నీళ్ళలో అందరూ ఒకటే. అసలు ఈ పంతానికి కారణమేమిటో చెప్పు, వింటాను."

"చెప్పను. మీ అభ్యంతరం ఇప్పుడు ఒకటే, చెప్తే రెండవుతాయి."

కోచ్ మొహం కందగడ్డయింది. బయట పడవ ఇంజను గుడగుడలాడుతోంది.

"సరే, పందెం. మీ అక్కని పిలుస్తాను. నువ్వు నోరు విప్పడానికి వీల్లేదు. గాలి లేదని సైగ చేస్తాను. చెయ్యి నీ కుడిపక్కకి వచ్చిందా, ఆ గొట్టం నువ్వే విప్పి నా చేతిలో పెడతావు."

"ఎడమపక్కకి వస్తే?"

"ముందు రానీ."

"వస్తే?"

"ఇంకెప్పుడూ నీ సామాను జోలికి రాను. చాలా?"

ఆమె జాకెట్టు తొడుక్కుని, సిలిండర్ వీపుకెత్తుకుని, పట్టీలు బిగించుకుని గది మధ్యలో నిలబడింది. కోచ్ బట్టలు మార్చుకునే గది వైపు తిరిగి కేకేశాడు. అక్క వచ్చింది. భుజాల నిండా దళసరి తువ్వాలు కప్పుకుని, నవ్వుకుంటూ వచ్చింది.

"ఏమిటే ఈ గోల? పడవ కదిలిందా ఏం?"

చెల్లెలు పెదవి కదపలేదు. కోచ్ అక్క ఎదుటికొచ్చి, అరచేతి అంచుతో తన గొంతు కోసుకుంటున్నట్టు అడ్డంగా సైగ చేశాడు. నీళ్ళ కింద దానికి ఒకటే అర్థం. గాలి లేదు.

అక్క మొహంలో నవ్వు టక్కున ఆరిపోయింది. ఒక్క అంగలో చెల్లెలి ఎదురుగా నిలబడింది. తువ్వాలు సందులోంచి కుడి చెయ్యి బాణంలా దూసుకొచ్చి, తిన్నగా చెల్లెలి ఎడమపక్కకి వెళ్ళింది. మౌత్‌పీస్ లాగి నోట్లో పెట్టుకుంది. బుస్సుమని గాలి పలికింది.

"నాటకం!" అన్నాడు కోచ్ తేరుకుని. "ఇంటి దగ్గరే ఇద్దరూ కూడబలుక్కుని వచ్చారు. నీళ్ళలో కుడి చెయ్యే ఖాళీగా ఉంటుందని రాసిచ్చారా ఎవరైనా? ఏదమ్మా, ఈసారి ఎడమ చేత్తో అందుకో, చూద్దాం!"

అక్క చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు చిన్నగా తలూపింది. మౌత్‌పీస్ పళ్ళ మధ్యనుంచి వదలకుండానే, అక్క కుడి చేత్తో తువ్వాలు లాగి నేల మీదికి విసిరేసింది.

ఆమె ఎడమ చెయ్యి ఉండాల్సిన చోట, సూటు భుజం దగ్గరే మడిచి కుట్టేసి ఉంది.