అచ్చుతో కలవని మూడు వాక్యాలు

"ఇది ప్రార్థనా, ప్రేమలేఖా?"

కార్యదర్శి కాగితం విసిరికొట్టాడు. ఐదు నెలల్లో వచ్చిన పదకొండో అనువాదకుడి నిర్వాకం అది.

ప్రార్థనా మందిరం వాళ్ల పర్షియన్ గ్రంథం మొదటి భాగం నలభై ఏళ్ల కిందటే ఇంగ్లీషులో అచ్చయింది. దేవుడి మాటకి మనిషి పేరెందుకని, అనువదించినవాళ్ల పేరు వెయ్యలేదు. రెండో భాగం అలాగే ఉండిపోయింది.

ఇప్పటి పిల్లలకి వచ్చింది ఇంగ్లీషే. పర్షియన్ తెలిసినవాడు మందిరం పెద్దాయన ఒక్కడే. ఆయనకి చూపు పోయింది, ఈమధ్య మంచం కూడా పట్టాడు. రెండో భాగం ఇంగ్లీషులో విని, ఆయన సరే అనాలి. ఆయన తర్వాత అడగడానికి ఎవరూ లేరు.

కార్యదర్శికి కాలు నిలవడం లేదు.

"నేను చెప్పేదే మీకు సగం అర్థం కాదు. పర్షియన్ రాకుండా పరీక్షలెలా పెడుతున్నారండీ?" అంది భార్య.

"మొదటి భాగంలో ఒక పేజీ ఇస్తాను. ఇంగ్లీషు అచ్చుతో కలిస్తే పాసు."

మధ్యాహ్నం పన్నెండో మనిషి వచ్చింది. డెబ్భైకి దగ్గరపడ్డ ఆవిడ. కుర్చీ అంచున కూర్చుని గంటలో రాసిచ్చింది.

కార్యదర్శి వేలుపెట్టి, పుస్తకంతో పోల్చి చూశాడు.

"మూడు వాక్యాలు తప్పమ్మా."

"తప్పు అచ్చులో ఉంది బాబూ."

"ఓహో! ఇన్నేళ్లూ మేమంతా తప్పు చదువుతున్నామా?"

"అవును. అందుకే వచ్చాను."

"ఆ పుస్తకం అనువదించిన మహానుభావుడి కంటే మీకెక్కువ తెలుసన్నమాట!"

ఆవిడ ఏదో చెప్పబోయి ఆగింది.

"ఇప్పుడు కాస్త ఎక్కువే తెలుసు."

"సరే, వెళ్లిరండి. నాకవతల బోలెడు పని."

ఆవిడ చిరునామా రాయబోతే, "అక్కర్లేదు" అన్నాడు.

సాయంత్రం మంచం మీంచి పెద్దాయన అడిగాడు.

"ఇవాళైనా ఎవరైనా దొరికారా?"

"దొరికింది తాతగారూ, అచ్చునే దిద్దే ఘనురాలు! వినండి, నవ్వుకుందురుగాని."

చదివాడు.

పెద్దాయన నవ్వలేదు. ఆ మూడు వాక్యాలూ మళ్లీ చదివించుకున్నాడు. తల దిండు మీంచి లేచింది.

"పిలు ఆవిణ్ని."

"పంపేశానండీ. ఎక్కడుంటుందో కూడా..."

"ఆ మూడూ అచ్చులో తప్పేరా. పుస్తకం వచ్చిన రోజే చెప్పాను."

"ఎవరికి?"

"అనువదించినావిడకి" అన్నాడు పెద్దాయన, "అవి సరిగ్గా తెలుసుకున్నాకే రెండో భాగం ముట్టుకుంటానని అప్పుడు వెళ్లింది."