ఏ ఆసనంతో నయమైంది?

“లే! లేచి నడువు ఇంటికి!”

ఐలేశం కేక బడి వరండా ఆ చివరి దాకా వినబడింది. చాపల మీద వరుసగా కూర్చొని కళ్లు మూసుకున్న ఆడపిల్లలంతా ఒక్కసారే కళ్లు తెరిచారు. అతని కూతురు శైలజ మాత్రం తెరవలేదు. తండ్రి గొంతు ఎరగనట్టు ఇంకా గట్టిగా మూసుకుంది.

మందను తమ్ముడికి అప్పజెప్పి వచ్చాడు ఐలేశం. భుజం మీద గొంగడి, చేతిలో కర్ర. చెప్పులు మెట్ల దగ్గర విడిచే ఓపిక కూడా లేదు.

“ఐలేశన్నా, ప్రాణాయామం నడుస్తాంది. జర నిమ్మలంగ,” అన్నాడు దివాకర్ సారు. ఆ బడిలో ఆటలు ఆడించేదీ ఆయనే, యోగా నేర్పేదీ ఆయనే.

“నిమ్మలమా? పిల్ల పేగుల నిండ పుండ్లున్నయని పట్నం దవాఖానల చెప్పిండ్రు. రక్తం పోయి పోయి పుల్ల లెక్కయింది. దాన్ని వంచుడు, మెలిపెట్టుడు ఏంది? గొర్రెకు కడుపు జారి పారుడు పట్టుకుంటే నీడకు కట్టేస్తం సారూ. గంతులేయిస్తమా?”

వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. శైలజ చెవులు ఎర్రబడ్డాయి.

“గంతులు కాదన్నా. ఊపిరి తీసుడు, మెల్లగ వంగుడు, అంతే. గోళీలతో పాటు ఇవి గూడ చెయ్యమని ఆ డాక్టరమ్మనే చెప్పిందంట గద?”

చెప్పింది. అప్పుడు ఐలేశం పక్కనే ఉన్నాడు. మనసు కుదురుగా ఉంటే కడుపూ కుదురుగా ఉంటుందని అన్నది. ఆ మాటే అతనికి ఇవాళ్టికీ మింగుడుపడలేదు. పిల్ల మనసుకేమైందని? గోళీలు రాసే చేత్తో ఆటలు రాయడమేమిటి?

“అది సరే. ఈ సంగతి చెప్పు. రేపు యోగా చూడనీకె ఆఫీసర్లొస్తే నా బిడ్డను స్టేజీ ఎక్కిస్తవంట? పొద్దుగాల చాయ్ కాడ అంజన్న అడుగుతుండు, ‘నీ బిడ్డ కడుపు కథ రేపు మైకుల ఇంటమంట గద’ అని. సగం చాయ్ ఆడనే పారబోసి వచ్చిన. పద్నాలుగేండ్ల ఆడపిల్ల! అది ఎన్నిమాట్ల చెంబు పట్టుకొని పోయిందో ఊరందరికీ చెప్పాల్నా?”

“తప్పేముందన్నా? రోగం దాసుకునుడే మన తప్పు. ఇసొంటి పిల్లలు ఇంకెంతమంది ఉన్నరో, వింటే వాళ్లకూ ధైర్యమొస్తది. నీ బిడ్డను నువ్వే చూడు. మొన్నటిదాక బడిల మంచినీళ్లు గూడ ముట్టకపోయేది. పగటిపూట అన్నం కాడికే రాకపోయేది. ఇప్పుడు మారు వడ్డించుకుంటాంది. గోళీలు అప్పుడూ మింగింది, ఇప్పుడూ మింగుతాంది. మరి మారింది ఏంది? యోగా!”

ఐలేశం కూతురి వైపు చూశాడు. పిల్ల ముఖానికి కాస్త కండ పట్టిన మాట నిజమే. అదే అతన్ని ఇంకా మండించింది. మందుల కోసం తాను పొట్టేళ్లు తోలుకుపోయి అమ్మితే, పేరు ఈ చాపకొచ్చిందా?

“నడువే!” అని కూతురి జబ్బ పట్టి లేపాడు.

శైలజ రెండు చేతులతో వరండా స్తంభాన్ని వాటేసుకుంది.

“నేను రాను బాపూ. యోగా ఇడిశిపెట్ట.”

“ఇడిశిపెట్టవా? రేపు స్టేజీ ఎక్కుతవా?”

“ఎక్కుత. ఏం చెప్పమంటే అది చెప్త. నా పేరు మాత్రం తీసెయ్యొద్దు.”

“చూసినవా అన్నా!” దివాకర్ ముఖం వెలిగింది. “బిడ్డకు గురి కుదిరింది.”

ఆ వెలుగు చూసేసరికి ఐలేశం ఒళ్లు భగ్గుమంది. కర్రతో బండల మీద ఒక్కటి వేశాడు.

“గురా? ఇంట్ల అమ్మతోని చెప్పుకోనీకె సిగ్గుపడే పిల్ల, మైకుల చెప్త అంటాంది. ఇది గురా? చెప్పవే! ఏ ఆసనంతోని నీకు నయమైందో ఇప్పుడే చెప్పు. నాకు నమ్మకం కుదిరితే మాట్లాడకుంట పోత.”

శైలజ తండ్రి చెవి దగ్గరికి వంగబోయింది.

“చెవుల కాదు. గట్టిగ! సారు గూడ వినాలె!”

దివాకర్ చేతులు కట్టుకొని, చిరునవ్వుతో ఎదురుచూస్తున్నాడు. పిల్లలంతా చాపల మీద ముందుకు జరిగారు. శైలజ తల దించుకుంది. స్తంభాన్ని మాత్రం వదల్లేదు.

“బడిల పిల్లలకు బాత్రూం లేదు బాపూ. యోగా చేసేటోళ్లకే సార్ల బాత్రూం తాళం తీస్తరు. ఇది మానేస్తే, మళ్ల నేను అన్నం మానెయ్యాలె.”