శైలబాల కత్తిపీట

కాగజ్‌నగర్ బెంగాలీ క్యాంపులో ఇప్పుడు చచ్చిపోయినవాళ్లు కూడా తమ గొంతు దాచిన డబ్బాల్లోంచి మాట్లాడతారు. శైలబాల డబ్బా మాత్రం పొద్దున్నుంచీ నోరు విప్పలేదు. దేశం చీలాక పారిపోయి వచ్చిన కథ ఇవాళ చెప్పకపోతే డబ్బాలిచ్చినవాళ్లు ఆ గొంతును చెరిపేస్తారట. ఎవరి గొంతు, ఎవరు చెరిపేది?

ఆ కథ రికార్డు చేయడానికి వాళ్ల తరఫున వచ్చిన అమ్మాయి గదిలో చప్పుడు ఉండకూడదంది.

"సప్పుడు లేకుంట మా అత్త ఎన్నడు మాట్లాడింది?" అంటూ శైలబాల కోడలు సుగుణ కత్తిపీటను కాలితో తొక్కిపట్టి చేపలు కోయసాగింది.

డబ్బా దగ్గింది. "తలకాయ ముక్కలు చెయ్యకు పిల్లా. పులుసుల గట్లనే వెయ్యాలె."

"నేను కోస్త గని, నువ్వు చెప్పత్తా."

"ఆనాడు గూడ పొయ్యిమీద పులుసు ఉడుకుతుండె. గిన్నె దించకుంటనే మా అమ్మ నన్ను సంకనేసుకొని పడవెక్కింది..."

బుట్టలో ఇంకొక్క చేపే మిగిలింది. సుగుణ దాన్ని వీలైనంత నెమ్మదిగా కోసింది.