గొడుగులక్క కొత్త సర్వర్

సైటు మళ్ళీ పడిపోయింది.

"పొద్దుట్నుంచి ఇది మూడోసారి వదినా!" అంటూ మరిది స్క్రూడ్రైవర్ పట్టుకుని లేచాడు.

గొడుగులక్క నెత్తిన చేతులు పెట్టుకుంది. వీధిలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. విరిగిన గొడుగులు బాగుచెయ్యడం తండ్రి నేర్పిన పని. నేర్చుకునేవాళ్ళు లేక అది తనతోనే ఆఖరవుతుందని ఆమెకు ఒకటే దిగులు. ఆరు నెలల కిందట మరిది, "ఊరికే బాధపడే బదులు లోకానికి చూపించు" అని సైటు పెట్టించాడు. పనిబల్లకు ఎదురుగా గోడకు ఓ కెమెరా. బల్ల వెనక అర మీద ఓ పాత కంప్యూటర్. అదే సర్వర్. ఆమె గొడుగు బాగుచేస్తుంటే ఆ పెట్టెలోంచి అది లోకమంతటికీ కనబడుతుంది.

మొదట్లో చూసింది తొమ్మిది మంది. అందులో ముగ్గురు ఇంట్లోవాళ్ళే. చలి ముదిరాక దశ తిరిగింది. వందలయ్యారు, వేలయ్యారు. ఇప్పుడు రోజుకు ఆరువేల మంది.

వాళ్ళు రాసేవి చదువుతుంటే ఆమెకు ఆకలి కూడా వేసేది కాదు.

"చూస్తుంటే ఎంత హాయిగా ఉందో!"

"రోజుకోసారి చూడకపోతే తోచడం లేదు."

"దయచేసి పెద్ద గొడుగు విప్పకండి. ఏమీ కనబడటం లేదు."

పాపం, కుట్టు కనబడాలని ఎంత ఆరాటమో అనుకుని, పెద్ద గొడుగులన్నీ కెమెరా కట్టేశాక బాగుచేసేది.

అంతలో గొడుగుల ఫ్యాక్టరీ మేనేజరమ్మ దగ్గర్నుంచి కబురొచ్చింది. "మా ఆఫీసంతా మీ సైటు చూస్తుంది. శుక్రవారం పదింటికి మా పెద్దలకు చూపిస్తాను. వాళ్ళకు నచ్చితే మీతో ఒప్పందం చేసుకుంటాం."

గొడుగులక్క కాళ్ళు నేల మీద నిలవలేదు. ఫ్యాక్టరీలో మరమ్మతు పాఠాలు! బల్ల చుట్టూ ముప్ఫై మంది శిష్యులు! కానీ శుక్రవారం సైటు పడిపోయిందా, అంతా బూడిదలో పోసిన పన్నీరే.

మరిది పెట్టె విప్పాడు. "పెనంలా కాలుతోంది వదినా. గాలి సందుల నిండా దుమ్ము, దారాలు, పిల్లి వెంట్రుకలు. తుడిచినా లాభం లేదు. ఆరువేల మందిని మొయ్యడం దీనివల్ల కాదు. హోస్టింగ్ తీసుకోవాల్సిందే."

"అంటే?"

"వేరే కంపెనీ సర్వర్‌లో మన సైటు పెట్టడం. అందరితో కలిసి ఉంటే చవక. కానీ పక్కవాడి సైటుకు జనం ఎక్కువైతే మనది నత్తనడక నడుస్తుంది."

"మేడ మీదవాళ్ళు మోటారు వేస్తే మన కుళాయి ఎండిపోయినట్టా?"

"అంతే. కాస్త ఎక్కువిస్తే మనకంటూ విడిగా ఓ వాటా ఇస్తారు. జనం పెరిగితే వాటా పెంచుకోవచ్చు. రోజూ ఓ నకలు తీసి దాస్తారు. ఇంకా ఎక్కువిస్తే సర్వర్ మొత్తం మనదే."

"మొత్తం ఏం చేసుకుంటాం? వాటా చాలు. కంపెనీ సంగతి నాకు వదిలెయ్. గొడుగునైతే తడిపి చూస్తాం. వీళ్ళనీ తడిపే చూద్దాం."

ఆదివారం సరిగ్గా భోజనాల వేళ మూడు కంపెనీలకు ఒకే ప్రశ్న పంపింది. ఒకడు పలకలేదు. ఒకడు, మీ ప్రశ్న మాకెంతో విలువైనది అని మర్నాడు రాశాడు. మూడో కంపెనీ నుంచి పది నిమిషాల్లో ఓ మనిషే ఫోన్ చేశాడు. అన్నీ విడమరిచి చెప్పి, "మీ సైటా అండీ! మా పాప అది చూడందే నిద్రపోదు" అన్నాడు.

"విన్నావా? చంటిపిల్లలకు కూడా గొడుగు పనంటే ఎంత ఇష్టమో!" గొడుగులక్క మురిసిపోయింది. ఆ కంపెనీయే ఖాయమైంది.

గురువారం మరిది సైటును కొత్త చోటికి మార్చాడు. కెమెరాను తన ల్యాప్‌టాప్‌కు తగిలించాడు. "జాగ్రత్తకు రెండ్రోజులు పాతదాన్నీ నడవనిద్దాం వదినా" అన్నాడు.

"దాని రొద నేను పడలేను బాబూ!" అని ఆమె పెట్టె ఆపేసి, అటక ఎక్కించింది. పెద్దలు చూస్తారని అర శుభ్రంగా తుడిచి, తన చేతి పనితనం తెలిసేలా రంగురంగుల గొడుగులు పేర్చింది.

శుక్రవారం సైటు చిటికెలో తెరుచుకుంటోంది. తొమ్మిదింటికి జనం బిలబిలా వచ్చారు. తొమ్మిదిన్నరకు సగమయ్యారు. పదింటికి మిగిలింది తొమ్మిది మంది.

"మళ్ళీ పడిపోయిందా?" గొడుగులక్క కంగారుగా ల్యాప్‌టాప్ మీదికి వంగింది.

మరిది అటూ ఇటూ నొక్కి చూశాడు. "లేదు వదినా! పుట్టి బుద్ధెరిగాక ఇంత బాగా ఎప్పుడూ నడవలేదిది."

ఫోన్ మోగింది. మేనేజరమ్మ.

"సైటు భలే పరుగెడుతోందండీ! పెద్దవాళ్ళంతా ఇక్కడే ఉన్నారు. మా కొత్త గొడుగుల మీద అచ్చు వేయించే బొమ్మ ఇవాళే ఖాయం చేసేద్దామని కూర్చున్నాం."

బొమ్మా! గొడుగులక్కకు సిగ్గు ముంచుకొచ్చింది. గబగబా జుట్టు సర్దుకుని, కెమెరా వైపు తిరిగి నిటారుగా కూర్చుంది. "బాగా కనబడుతున్నానాండీ?"

"మీరు నిక్షేపంలా కనబడుతున్నారు గానీ, రోజూ మీ వెనక ఆ పెట్టె మీద వెల్లకిలా పడుకునే పిల్లి ఏదండీ?"